ఎడమ వెనక మూల

జూన్ 2, సోమవారం

బండి వచ్చింది.

పదకొండింటికి సందు మొదట్లో హారన్ మోగింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. అరవై తొమ్మిదేళ్ళవాడి పరుగు చూసేవాళ్ళకి నడకలాగే ఉండి ఉంటుంది, ఉండనీ. పసుపు రంగు వ్యాను. ముందువి కాక పన్నెండు సీట్లు. సెకండ్ హ్యాండుదే, వెనక తలుపు మీద పాత యజమాని పేరు చెరిపిన మచ్చ ఇంకా ఉంది. స్టీరింగ్ వెనక నా కూతురు. ఏడాదిన్నర తర్వాత స్టీరింగ్ వెనక నా కూతురు. మూడోసారి కూడా రాద్దామనుంది గానీ ఎప్పుడైనా ఈ డైరీ బుజ్జి కంట పడితే నవ్వుతుంది. ముప్పై ఆరేళ్ళు వచ్చినా నాకది బుజ్జే.

ముప్పై మూడేళ్ళు బస్సులో కండక్టరుగా నిలబడ్డాను. ఎన్ని బస్సులెక్కానో, ఎన్ని దిగానో. ఒక్కదాన్నీ ఇలా నిమరలేదు. ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ, పాలిచ్చే ఆవుని నిమిరినట్టు నిమిరాను. చాల్లే నాన్నా, ఉన్న రంగు కాస్తా ఊడుతుంది అంది బుజ్జి.

పదహారో తేదీ నుంచి బడి పిల్లల్ని తీసుకెళ్ళి తీసుకురావాలి. బడివాళ్ళు రెండు షరతులు పెట్టారట. బండి చుట్టూరా, లోపలా కెమెరాలు ఉండాలి, ఏ మూలా వదలకూడదు. పిల్లల్ని ఎక్కించి దించడానికి డ్రైవరు కాక ఇంకో మనిషి ఉండాలి.

"కెమెరాలు నువ్వే చూడు నాన్నా. బండికి ఎన్ని వైపులుంటాయో నీకంటే ఎవరికి తెలుసు" అంది.

సరే అన్నాను. బండి తలుపు మూస్తూ, నా మొహం చూడకుండా, "ఆ రెండో మనిషివీ నువ్వే" అంది.

లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి పాత విజిలు తీసి సబ్బుతో కడిగాను. ఆరబెట్టి, మళ్ళీ కడిగాను.

కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

జూన్ 3, మంగళవారం

పై వాటా టీచరమ్మ గారికి కబురు చెబుదామనుకుంటుండగానే ఆవిడే కర్ర టకటకలాడిస్తూ మెట్లు దిగి వచ్చారు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, బండిని కూడా హోంవర్కు దిద్దినట్టు చూశారు. టైరుని కర్రతో పొడిచి, "మళ్ళీ మొదలా కండక్టరు గారూ? చిల్లర లేకపోతే పిల్లల్ని కూడా దిగిపొమ్మంటారా?" అన్నారు. నవ్వాను. ఈ రెండు రోజుల్లో నవ్వినంత నవ్వు ఏడాదిన్నరలో నవ్వలేదు.

ఆవిడ కాలు ఇప్పుడు బాగానే ఉంది. చలికాలం తప్ప నొప్పి ఉండదని ఆవిడే అంటారు. కర్ర అలవాటుకేనట.

ఆ రోజు సంగతి రాయకూడదనుకుంటాను. రాయకపోతే మాత్రం మర్చిపోతానా. అప్పుడు బుజ్జి బ్రెడ్డు ఫ్యాక్టరీ వ్యాను నడిపేది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి వెళ్ళేటప్పుడు మా సందులోంచి బండిని వెనక్కి తీయాలి. నేను వెనక నిలబడి రేకు మీద చేత్తో కొట్టేవాణ్ణి. రెండు కొడితే పోనీ. ఒకటి కొడితే ఆపు. మా కండక్టర్ల భాష అది. బుజ్జికి ఐదేళ్ళప్పుడే వచ్చు. బల్ల మీద కూర్చుని గిన్నె మూత తిప్పుతూ బస్సు నడిపేది, నేను బల్ల మీద కొట్టేవాణ్ణి. ఒకటి కొడితే చాలు, నోట్లో ముద్ద కూడా నమలకుండా ఆగిపోయేది.

ఆ రోజు టీచరమ్మ గారు మెట్ల తలుపులోంచి వచ్చారు. ఎడమ వెనక మూల నుంచి. బంపరు తగిలి పడ్డారు. చీలమండ విరిగింది. నేను ఒకటే కొట్టాను, బుజ్జి ఆగలేదు. అందరికీ అదే చెప్పాను. తప్పు నాదే నాన్నా అంది బుజ్జి. పోనీలే తల్లీ అన్నాను.

మర్నాడు తాళాలు ఇచ్చేసి, అదే ఫ్యాక్టరీలో బ్రెడ్డుకి కాగితం చుట్టే పనిలో కూర్చుంది.

ఎడమ కంట్లో నలక పడ్డట్టుంది. నీళ్ళతో కడిగాను.

జూన్ 4, బుధవారం

కెమెరాల షాపుకి వెళ్ళాను. షాపాయన కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఆ కళ్ళజోడు కోసమే వెతుక్కుంటున్నాడు. చూపించాను. దాంతో నన్ను బాబాయ్ అనేశాడు.

ఇన్ని రకాలున్నాయని నేను కలలో కూడా అనుకోలేదు. రెండు కెమెరాల సెట్టు, ముందు ఒకటి, వెనక ఒకటి. సొంత కారుకి చాలట. మూడింటి సెట్టు, దానికి తోడు లోపల ఒకటి. అద్దె కార్లవాళ్ళు అదే తీసుకుంటారట. ఇంకోటి లారీలకి పెట్టేది: ముందు, వెనక, రెండు పక్కలా, లోపల, మొత్తం ఐదు, అన్నీ ఒకే తెర మీద పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తాయి. బొమ్మ ఎంత స్పష్టం. రోడ్డు అవతల స్కూటరు నంబరు చదివాను. చదివి షాపాయనకి వినిపించాను. ఆయన వినయంగా విన్నాడు.

మూడు చాలు బాబాయ్, అనవసరంగా ఎందుకు అన్నాడు. పక్కలు కూడా కావాలన్నాను. పక్కల్లో మరి ఎడమ పక్క, వెనక మూల, అక్కడ కనిపిస్తుందా అన్నాను. కనిపిస్తుందన్నాడు. బాగా కింద? కింద కూడా. చిన్న పిల్ల నిలబడితే? కనిపిస్తుంది బాబాయ్. పెద్దమనిషి అయితే? చిన్నపిల్ల కనిపించిన చోట పెద్దమనిషి కనపడరా అన్నాడు. నిజమే.

టీ తాగి మళ్ళీ అడిగాను. అప్పుడు కళ్ళజోడు కిందికి దించి, "ఆ మూల మీద మీకంత పగేంటి?" అన్నాడు.

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. పిల్లల బండి కదా అన్నాను. అంతే కదా మరి. పిల్లల బండి కనుకనే అడిగాను.

జూన్ 5, గురువారం

లోపలి కెమెరా తన మొహం మీదికి ఎందుకు, నేనేమైనా సినిమా తారనా అంటుంది బుజ్జి. పిల్లల సీట్ల వైపు తిప్పుదామన్నాను. నిన్ను రోజూ చూడ్డానికి నేను పక్కనే ఉంటాను కదా తల్లీ, కెమెరా దేనికి.

పక్కనే. ఈ మాట ఎంత బాగుందో.

జూన్ 6, శుక్రవారం

బుజ్జి పూటకి సెలవు పెట్టి బండిని షాపు ముందుకి తెచ్చింది. కొనే ముందు పరీక్ష పెడతానన్నాను. షాపాయన తల గోక్కున్నాడు. ముప్పయ్యేళ్ళ అనుభవంలో ఎవరూ అడగలేదట.

నా పరీక్ష ఇది. ఒక ప్లాస్టిక్ బకెట్టు, దాని మీద ఇంకోటి బోర్లించాను. నాలుగేళ్ళ పిల్ల ఎత్తు. దాన్ని బండి చుట్టూ జరుపుతూ, తెర మీద మాయమైన చోటల్లా నేల మీద సుద్దతో గీత గీశాను. మొదట వెనక అద్దం లోపలి నుంచి చూసే కెమెరా పెట్టి చూశాం. రోడ్డంతా అద్భుతంగా కనిపించింది. బంపరు దగ్గర నిలబెట్టిన బకెట్లు మాత్రం లేవు. ఉన్నాయి, తెర మీద లేవు. మరో అడుగున్నర జరిపితే గానీ పై బకెట్టు అంచు కనబడలేదు. చూశారా అన్నాను. నంబరు ప్లేటు పైన, బయట బిగించేది తెప్పించి పెట్టారు. నీళ్ళు పడినా పాడవదట. బకెట్లు అడుగుదాకా కనిపించాయి. పక్కవాటిని అద్దాల కింద పెట్టి కొంచెం వెనక్కి వంచితే సుద్దగీత గీసిన చోట్లన్నీ తెర మీదికి వచ్చేశాయి. బండి చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు. బండి ఆపాక కూడా కెమెరా కాపలా కాస్తుందట, బ్యాటరీ తగ్గితే తనంతట తానే ఆగిపోతుందట, లేకపోతే పొద్దున్నే బండిని తోసుకోవాలి.

షాపాయన సుద్దగీతల్ని ఫోటో తీసుకున్నాడు. ఇక నుంచి అందరికీ ఇలాగే చూపిస్తాడట. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

బుజ్జి కాగితాల మీద సంతకాలకి లోపలికి వెళ్ళినప్పుడు షాపాయనని పిలిచాను. ఎక్కడున్నారండీ అని. ఇక్కడే ఉన్నానన్నాడు. నా ఎడమ భుజం పక్కనే నిలబడి ఉన్నాడు.

"తెర మీద బకెట్టు అంచు కూడా కనిపెట్టారు గానీ, పక్కనున్న నన్ను చూడరేంటి బాబాయ్?"

ఎండలోంచి నీడలోకి వచ్చాను కదా, అందుకని.

జూన్ 7, శనివారం

ఒకటే కొట్టాను.

జూన్ 9, సోమవారం

ఐదూ బిగించారు. తీగలన్నీ లోపలి నుంచే, ఒక్కటి బయటికి కనపడదు. నా ఫోనులో కూడా చూడొచ్చట, నేర్పించారు. ఐదు పెట్టెలు. మూడో పెట్టెలో నా బట్టతల పై నుంచి కనిపించింది. ఎవరీ ముసలాయన అనుకున్నాను.

బడివాళ్ళు వచ్చి చూసి సరేనన్నారు. రెండో మనిషి మీరేనా అని నన్ను అడిగారు. అవునన్నాను. విజిలు జేబులోనే ఉంది.

నలక ఇంకా పోలేదు.

జూన్ 10, మంగళవారం

ఇవాళ చక్కగా గడిచింది. మొదటిసారి బుజ్జీ నేనూ కలిసి రూటంతా తిరిగి చూద్దామనుకున్నాం. సందులోంచి వెనక్కి తీయాలి. నేను వెనక నిలబడ్డాను. అటు చూశాను, ఇటు చూశాను. రెండు కొట్టాను.

బండి కదల్లేదు.

మళ్ళీ రెండు కొట్టాను. కదల్లేదు. వినపడలేదా బుజ్జీ అని ముందుకి వెళ్ళబోతుంటే తనే దిగి వచ్చింది. నా వైపు కాదు, నా వెనక్కి చూస్తోంది.

"టీచరమ్మ గారున్నారు నాన్నా."

మెట్ల తలుపు ముందు, బంపరుకి రెండు బారల్లో, ఆవిడ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎడమ వెనక మూల. బుజ్జి తెర మీద చూసింది.

చూశాను, ఆవిడ ఆగారు కదా అని కొట్టాను అన్నాను.

సరే అంది. రూటంతా తిరిగాం. ఏడు స్టాపులు. ఐదో స్టాపు దగ్గర మలుపు కొంచెం ఇరుకు, మిగతావన్నీ బాగున్నాయి. చక్కగా గడిచింది.

జూన్ 11, బుధవారం

బుజ్జి మెట్ల మీద కూర్చుని ఫోనులో నిన్నటి రికార్డింగు చూస్తోంది. మళ్ళీ మళ్ళీ చూస్తోంది. కెమెరా బాగా పడిందని కాబోలు.

పదహారుకి ఇంకా ఐదు రోజులు. పన్నెండు మంది పిల్లలు. అందులో ఒక పిల్ల మరీ చిన్నదట, మొన్ననే బడిలో చేర్చారట. ఆ పిల్ల వాళ్ళమ్మ ఫోను చేసి, మా పాప ఎవరికీ చెప్పకుండా పరుగెత్తుతుందండీ, కాస్త చూసుకోండి అంది. నేనున్నానమ్మా, కంటికి రెప్పలా చూసుకుంటాను అన్నాను.

ఏ కంటికి అని ఆవిడ అడగలేదు.

కుడి కన్ను మూసి చూశాను. కిటికీ లేదు. గోడ లేదు. బూడిద రంగు, మధ్యలో కొంచెం వెలుతురు. ఇది నలక కాదు. ఏడాదిన్నర, రెండేళ్ళు అయి ఉంటుంది. నాకు తెలుసు.

నోట్లో నువ్వుగింజ నానదని పేరుపడ్డవాణ్ణి. ఈ ఒక్కటి ఎలా నానిందో.

జూన్ 12, గురువారం

చెప్పేశాను.

సాయంత్రం బుజ్జి బండిలో సీట్ల కవర్లు తొడుగుతుంటే వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. తన మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. వీపుకి చెప్పాను.

"ఆ రోజు నేను రెండు కొట్టాను బుజ్జీ."

కవరు తొడిగే చేతులు ఆగాయి.

ఎడమ పక్క నాకు కనపడదని చెప్పాను. అప్పుడే మసకబారిందని, ఒప్పుకోలేదని చెప్పాను. ఆవిడ పడ్డాక అందరూ మూగి ఏమైంది ఏమైంది అంటుంటే నోట్లోంచి అదే వచ్చిందని, వచ్చాక మింగలేకపోయానని చెప్పాను. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు తాళాలు ఇచ్చేసి వచ్చింది. ఆ తర్వాత ఏ రోజుకి ఆ రోజు ఇంకా కష్టమైంది. ఇదంతా చెప్పానో, సగమే చెప్పానో తెలియదు.

చేతిలోని కవరు సీటు మీద పెట్టి అంది. "నాకు రెండే వినపడ్డాయి."

తర్వాత అంది. "చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను నాన్నా, నీకు చెప్పలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నాడు. అయితే బుర్రలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. ఏడాదిన్నర. ఎవరైనా ఏదైనా చెబితే నిజంగా విన్నానా లేదా అని..."

అక్కడితో ఆపింది. దిగి తలుపు మూసింది. మెల్లగా మూసింది. గట్టిగా వేసి ఉంటే బాగుండేది.

జూన్ 13, శుక్రవారం

బుజ్జి టీ తెచ్చింది. కప్పు నాకు కుడి వైపు పెట్టింది.

జూన్ 14, శనివారం

పొద్దున్నే, చొక్కా వేసుకో అంది. అంతే. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది, పసుపు వ్యానులోనే. ఒక డొప్పలో గడ్డం పెట్టించి, చుక్క కనిపించినప్పుడల్లా బటను నొక్కమన్నారు. కుడి కంటికి టకటకా నొక్కాను. ఎడమ కంటికి ఎంతసేపు కూర్చున్నా చుక్కలు రావేం అని అడిగాను. వస్తూనే ఉన్నాయి అంది ఆ అమ్మాయి.

నీటికాసులట. కంట్లో ఒత్తిడి. పోయిన చూపు రాదు. కుడి కంటిని కాపాడుకోవచ్చు, రోజూ చుక్కలు వేసుకుంటే. ముందే రావాల్సింది అన్నాడు డాక్టరు. ఆయనకేం తెలుసు, ముందే వస్తే ఏం ఒప్పుకోవాల్సి వచ్చేదో.

తిరిగి వచ్చేటప్పుడు నేనే అన్నాను, రెండో మనిషిగా నేను పనికిరాను తల్లీ అని. బడివాళ్ళకి నిన్ననే చెప్పానంది. నిన్ననే. నన్ను అడగకుండానే. మంచి పని చేసింది. విజిలు తీసి పెట్టె అడుగున పెట్టాను.

మధ్యాహ్నం పై వాటాకి వెళ్ళాను. టీచరమ్మ గారికి అంతా చెప్పి, నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"రెండు కొట్టడం నేనూ విన్నాను" అన్నారు. "ఇన్నేళ్ళుగా ఈ సందులో ఉంటూ ఆ మాత్రం తెలియదా. బండి వస్తుందని తెలిసీ, దాటేద్దాంలే అని అడుగేశాను. అది చెప్పుకోవడానికి నాకు మాత్రం మొహమెక్కడిది? మీరు ఒకటే అన్నారు. పోనీలే, ఆ మాటే ఉండనీ అనుకున్నాను."

ఇద్దరం ముసలివాళ్ళం. మా ఇద్దరి మధ్యా నలిగిపోయింది నా పిల్ల.

అప్పుడు కూర్చోమన్నారు. ఏడాదిన్నర లేటుగా అయినా ఇద్దరం తప్పు ఒప్పుకున్నాం కనుక గోడకుర్చీ వేయించనన్నారు. తర్వాత నాతో పాటు కిందికి దిగి బుజ్జి దగ్గర నిలబడ్డారు. ఏం చెప్పారో నేను వినలేదు, లోపలికి వెళ్ళిపోయాను. వినాల్సింది నేను కాదు.

జూన్ 15, ఆదివారం

రెండో మనిషి దొరికింది. టీచరమ్మ గారు. బుజ్జే అడిగింది. నలభై ఏళ్ళు పిల్లల్ని లైన్లో నిలబెట్టిన దాన్ని, పన్నెండు మంది నాకొక లెక్కా అన్నారట. కర్ర చూస్తేనే సగం మంది తమంతట తామే కూర్చుంటారట.

విజిలు ఇస్తే అనుమానంగా చూశారు. కడిగారా అని అడిగారు.

మూడుసార్లు అన్నాను.

జూన్ 16, సోమవారం

తెల్లవారగానే లేచి ఐదు కెమెరాల అద్దాలూ మెత్తటి బట్టతో తుడిచాను. వేలిముద్ర పడితే పిల్లవాడు మసకైపోతాడని షాపాయన చెప్పాడు. ఇక రోజూ ఈ పని నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

ఏడింటికి బుజ్జి వచ్చి కూర్చుంది. మొన్నటి నుంచి అవసరమైన మాటలే మాట్లాడుతోంది, అవీ ఎక్కువ లేవు. టీచరమ్మ గారు ముందు తలుపు పక్క సీట్లో, విజిలు మెళ్ళో. ఇంజను స్టార్టయింది. నేను బాగా కుడి పక్కకి జరిగి, గోడకి ఆనుకుని నిలబడ్డాను. దారికి అడ్డం లేకుండా.

బండి కదల్లేదు.

ఏదైనా మర్చిపోయిందేమోననుకున్నాను. నీళ్ళ సీసా ఉంది. కాగితాలున్నాయి. బుజ్జి తెర చూసింది, అద్దాలు చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి ఊరికే కూర్చుంది.

"ఆలస్యమవుతోంది నాన్నా" అంది కిటికీలోంచి.

తెర మీద అంతా కనిపిస్తోంది కదమ్మా అన్నాను.

"కనిపిస్తోంది" అంది. అయినా కదల్లేదు.

అప్పుడు తెలిసింది. జేబులోంచి ఫోను తీశాను. రెండుసార్లు తప్పు చోట నొక్కాను. ఐదు పెట్టెలు వచ్చాయి. ముందు, ఖాళీ. కుడి పక్క, నేను. లోపల, పన్నెండు సీట్లకి కొత్త కవర్లు. వెనక, ఖాళీ. ఎడమ పక్క, ఆ మూల, చివరగా చూశాను, ఎక్కువసేపు చూశాను. టీచరమ్మ గారి పూలకుండీ ఒక్కటే. అయినా బండి వెనక్కి వెళ్ళి మెడ పూర్తిగా తిప్పి కుడి కంటితో మళ్ళీ చూశాను. మెట్ల తలుపు మూసి ఉంది. ఎవరూ లేరు.

అద్దంలో బుజ్జి నన్నే చూస్తోంది.

రేకు మీద చేయి వేశాను. చల్లగా ఉంది. రెండు కొట్టాను.

బండి కదిలింది.